వెనక చక్రాలకి మెత్తటి జత

వంద ఉండాల్సిన చోట తొంభై ఆరు ఉంది.

పోలీసు యార్డులో నుజ్జునుజ్జయి పడి ఉన్న జర్మన్ స్పోర్ట్స్ కారు వెనక టైరు మీద హుయ్ యెన్ తన కళ్లతో చదివిన అంకె అది. టైరు పక్కగోడ మీద, కొలతల పక్కన పోతపోసి ఉండే ఆ అంకె ఆ చక్రం ఎంత బరువు మోయగలదో చెబుతుంది. ఇంజిన్ వెనక ఉండే కారు. దాని వెనక టైర్లకి వందకి తగ్గకూడదని తయారు చేసినవాళ్లే నిర్ణయించారు. సింగపూర్‌లో పళ్ల డాక్టరు ఎడ్విన్ క్వెక్ ఆ కారులో కౌలాలంపూర్ బయల్దేరాడు. మలేషియాలో యోంగ్ పెంగ్ ఊరు దాటాక, వానలో, ఎడమవైపు వెనక టైరు పేలింది. కారు హైవే పక్కనున్న ఇనప కమ్మీల్లోకి దూసుకుపోయింది. ఆయన ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

ఆ టైర్లు బిగించింది సింగపూర్ వంతెనకి ఇవతల, మలేషియా వైపు జొహోర్ బారులో ఉన్న చువా కుటుంబం వాళ్ల షాపు. హుయ్ యెన్ వాళ్ల షాపు.

"నేనే వేశాను" అని తమ్ముడు వెయ్ ఖిమ్ ఒప్పేసుకున్నాడు. ఎందుకు వేశావురా అని చెంప పగలగొట్టినా నోరు విప్పలేదు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు. రేపు పొద్దున మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడన్న నేరం మోపితే ఖిమ్ జైలుకి పోతాడు. పెళ్లాం ఏడో నెల కడుపుతో ఉంది.

మధ్యాహ్నం నుంచి వాన ఆగలేదు. షాపు ముందు రేకుల మీద నీళ్లు తాళ్లలా కారుతున్నాయి. మామూలుగా ఈ వేళకి సింగపూర్ నంబరు కార్లు వరసగా నిలబడి ఉండాలి. వంతెన దాటి ఇటువైపు వచ్చి, టైర్లు మార్పించుకుని, కడుపు నిండా తిని వెళ్లేవాళ్లతో ఈ వీధి కళకళలాడాలి. ఇవాళ ఒక్క టాక్సీ మాత్రం వచ్చి ఆగింది.

"ఏం తౌకే, ఈగలు తోలుకుంటున్నావా?" అన్నాడు అప్పల్సామి కిటికీ అద్దం దించి. ఆయన పాతికేళ్లుగా ఈ షాపుకే టాక్సీ తెచ్చే మనిషి. షాపు యజమానిని తౌకే అనడం ఊరి అలవాటే అయినా, హుయ్ యెన్‌ని అలా పిలిచినప్పుడల్లా ఆయనకి అదో సరదా.

"ఈగలు కూడా రావట్లేదు అంకుల్. వాటికీ పేపరు చదవడం వచ్చేసింది."

ఆయన నవ్వలేదు. దిగి తనే గాలి గొట్టం అందుకున్నాడు. హుయ్ యెన్ టాక్సీ ముందు చక్రాల దగ్గర కూర్చుని వేళ్లతో తడిమింది.

"మీ తల మీదైనా నాలుగు వెంట్రుకలున్నాయి. ఈ టైర్ల మీద అవీ లేవు. ఈ వానలో బ్రేకు కొడితే నేరుగా సముద్రంలోకే. మార్చేస్తాను, ఉండండి."

"వచ్చే వారం చూద్దాంలే."

"ఇప్పుడు ఖాళీగానే ఉన్నాంగా?"

అప్పల్సామి గాలి గొట్టం కొక్కేనికి తగిలించి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "మా ఆవిడ పేపర్లో చూసింది తల్లీ. చువా వాళ్ల దగ్గర టైరు వేయించుకుంటే ఆ టైరుతోపాటు అక్కడే ఉండిపో, ఇంటికి రావద్దంది. గాలికి మాత్రమే వచ్చానని చెప్పుకోవాలి." ఆమె ముఖంలోకి చూడకుండా కారెక్కాడు. "మీ నాన్నని అడిగానని చెప్పు."

టాక్సీ వెళ్లిపోయింది. హుయ్ యెన్ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని ఫోను తీసింది. యార్డులో తీసిన ఫొటోలు మళ్లీ చూసింది. ఎన్నిసార్లు చూసినా ఆ తొంభై ఆరు వంద కావడం లేదు. పేలిన ఎడమ టైరు పేలికలుగా ఉంది. కుడిది మాత్రం చెక్కు చెదరలేదు. దాని ఫొటో పెద్దది చేసి అంకె మీదికి జరిపింది. వేలు కాస్త ఎక్కువ జరిగింది. తెర మీదికి గాలి ఎక్కించే నాజిల్ వచ్చింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

నాజిల్‌కి సరిగ్గా ఎదురుగా, గీత గీసినట్టు, కంపెనీ పేరులోని మొదటి అక్షరం ఉంది. ఫ్యాక్టరీలో వేసే పసుపు చుక్క ఎక్కడో అవతలి పక్కకి పోయి ఉంది.

టైరులో అన్నిటికన్నా తేలికైన చోటు ఇదీ అని చెప్పే గుర్తు ఆ చుక్క. దాన్ని నాజిల్ పక్కకి తెచ్చి బిగించడమే పద్ధతి. ఖిమ్ అలాగే చేస్తాడు, ఊళ్లో ప్రతి షాపూ అలాగే చేస్తుంది. ఒక్క మనిషి తప్ప. ఆ మనిషి చుక్కని లెక్కచెయ్యడు. అక్షరాన్ని నాజిల్ ఎదుట నిలబెడతాడు. మేకు దిగినప్పుడు టైరు విప్పాక కూడా రంధ్రం రిమ్ములో ఎక్కడికి వస్తుందో వెతుక్కోనక్కర్లేదంటాడు. చుక్క చెరిగిపోతుంది, అక్షరం చెరగదంటాడు. ఈ ఒక్క విషయం మీద తండ్రీ కొడుకులు ఎన్ని భోజనాలు చల్లారబెట్టుకున్నారో!

ఇవేవీ ఆ క్షణంలో హుయ్ యెన్‌కి వరసగా తట్టలేదు. తట్టింది ఒక్కటే. ఇది ఖిమ్ చెయ్యి కాదు.

అంతే, కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ నోర్హిషామ్‌కి ఫోను కలిపేసింది.

"తువాన్!" అంది, మలయ్‌లో అయ్యా అన్నట్టు. "ఆ టైర్లు వేసింది మా తమ్ముడు కాదు. రుజువుంది. నా చేతిలోనే ఉంది!"

"నిదానంగా చెప్పండి కాక్." అక్కగారూ అనడానికి ఆయన వాడే మలయ్ మాట అది. "మీ తమ్ముడు కాకపోతే మరెవరు వేశారు?"

హుయ్ యెన్ వెనక్కి తిరిగి చూసింది. వెనక గదిలోంచి తండ్రి టీ కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కాక్? ఉన్నారా?"

"ఏం లేదు తువాన్. నేనే పొరపాటు పడ్డానేమో..."

"రుజువుందన్నారుగా. నేను దగ్గర్లోనే ఉన్నాను. వస్తున్నాను."

ఫోను కట్టయింది.

*

చువా సెంగ్ హువాట్‌కి డెబ్బై దాటాయి. ఎప్పుడో వేలి మీద పడిన చక్రం గోరు ఒకటి తీసుకుపోయింది తప్ప చేతులు ఇప్పటికీ ఇనుమే. కూతురు గుమ్మంలో నిలబడేసరికి ఆయన కప్పులు బోర్లించి, వాటి మీద గుడ్డ కప్పుతున్నాడు.

"పా. క్వెక్ గారి కారుకి టైర్లు వేసింది నువ్వేగా?"

ముసలాయన తిరగలేదు. గుడ్డ అంచులు సరిచేశాడు. విప్పి మళ్లీ సరిచేశాడు.

"ఖిమ్ చెప్పాడా?"

"టైరే చెప్పింది. అక్షరం నాజిల్ ఎదురుగా ఉంది."

ఆయన భుజాలు కిందికి జారాయి. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. "పోలీసు బండెక్కే ముందు వాడు నా కాళ్లు పట్టుకున్నాడు యెన్. 'పా, నువ్వు నోరు విప్పితే నా మీద ఒట్టే. లాకప్‌లో నువ్వు రెండు రోజులు బతకవు, నేను బతుకుతాను' అన్నాడు. కొడుకు కాళ్లు పట్టుకుంటే తండ్రి ఏం చేస్తాడు? నువ్వు చెప్పు."

హుయ్ యెన్‌కి తన అరచెయ్యి మండినట్టనిపించింది. ఆ చేత్తోనే తమ్ముణ్ణి కొట్టింది.

"ఎందుకు వేశావు పా? వంద ఉండాలని నీకు తెలీదా? నాకు అంకెలు నేర్పిందే నువ్వు."

"ఎందుకు తెలీదు? ఖిమ్ వంద జత తెప్పించి పక్కన పెట్టాడు. క్వెక్ గారు ఫోన్లో చెప్పి మరీ పెట్టించుకున్నారు. అదిగో, ఆ లారీ టైర్ల వెనకే ఉంది చూడు."

ఆమె వెళ్లి చూసింది. నిజమే. లారీ టైర్ల చాటున, ప్లాస్టిక్ పట్టీలు కూడా ఊడదీయని కొత్త జత. పైదాని మీద సుద్దముక్కతో ఖిమ్ వంకర రాతలో 'క్వెక్' అని రాసి ఉంది.

"ఆ రోజు నువ్వు మలక్కాలో ఉన్నావు. ఖిమ్ పెళ్లాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. కారు తెచ్చింది క్వెక్ గారు కాదు." ముసలాయన గొంతు తగ్గించాడు. "వాళ్లావిడ. ఆయన హాంకాంగ్ వెళ్లాడట. వచ్చేలోపు కొత్త టైర్లు వేయించి ఉంచుతానంది. ఆయనకి నడుంలో ఎముక జారిందట. కారు దిగితే పది నిమిషాలు వంగే నిలబడతాడట. 'ఈ కారు టైర్లు రాళ్లలా ఉంటాయి అంకుల్, మెత్తటివి లేవా?' అంది. వంద జతా, తొంభై ఆరు జతా పక్కపక్కన పెట్టాను. కొలత ఒకటే, కంపెనీ ఒకటే. బొటనవేలితో పక్కగోడలు నొక్కి చూసింది. 'ఇవి మెత్తగా ఉన్నాయి, ఇవే వెయ్యండి' అంది."

"నువ్వు వేసేశావు."

"కాదన్నాను. మొదట కాదనే అన్నాను." ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "మీ అమ్మ చివరి రోజుల్లో మంచం మీద ఎటు తిరిగినా అబ్బా అనేది, గుర్తుందా? ఈవిడ అలా అడుగుతుంటే నాకు... ఊళ్లో నెమ్మదిగా తిరిగితే ఇవీ మోస్తాయి. వారం వారం గాలి చూసుకోవాలి, హైవే మీద వేగం వద్దు, మీ ఆయనకి తప్పకుండా చెప్పాలి అన్నాను. రెండుసార్లు చెప్పాను. చెప్తానంది. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్తానంది."

హుయ్ యెన్ గోడకి ఆనుకుంది. పేపర్లో ఆవిడ మాటలు కళ్ల ముందు కదిలాయి. 'టైర్లు మావారే స్వయంగా వెళ్లి మార్పించుకున్నారు. ఆ షాపుని అంతగా నమ్మారు.'

బయట కారు తలుపు వేసిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టరే అనుకుని ఆమె ముందుకి పరిగెత్తింది.

ఇన్‌స్పెక్టర్ కాదు. సింగపూర్ టాక్సీ. అందులోంచి దిగి, గొడుగు లేకుండా వానలో నిలబడి షాపు బోర్డు చదువుతోంది ఒక స్త్రీ. నల్ల బట్టలు. నలభై అయిదు ఉంటాయేమో. పేపర్లో ఫొటో కన్నా బాగా చిక్కిపోయి ఉంది.

"నా పేరు లిలియన్ క్వెక్" అంది లోపలికి వచ్చి.

*

హుయ్ యెన్ వెనక గది తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"కూర్చోండి మిసెస్ క్వెక్. తడిసిపోయారు. టవలు ఇస్తాను."

"ఏమీ వద్దు. మీరు అక్కగారు కదూ? నాకొక్కటే కావాలి. ఆ టైర్లు ఎవరు ఎంచారో చెప్పండి. మీ నోటితో వినాలి. అది విని వెళ్లిపోతాను."

"మీకు తెలీదా?"

లిలియన్ కనురెప్పలు ఒక్కసారి ఆడాయి. "నాకెలా తెలుస్తుంది? కార్ల సంగతి నాకేం తెలుసు? బీమా ఆయన వచ్చి, బరువు మొయ్యలేని టైర్లు వేశారన్నాడు. మోసం చేశారన్నాడు. ఒక మనిషి ప్రాణంతో..." అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "ఆ రోజు షాపులో ఎవరెవరున్నారు?"

ఏడుస్తూ అడిగిన ఆ ప్రశ్న చివర ఏదో చల్లగా తగిలింది హుయ్ యెన్‌కి. తెలుసుకోవాలని వచ్చిందా? లేక ఎవరికి తెలుసో కనుక్కోవాలని వచ్చిందా?

ఆమె లారీ టైర్ల వెనక నుంచి సుద్దరాత ఉన్న టైరు ఒకటి దొర్లించుకొచ్చి నేల మీద పడుకోబెట్టింది. అరలోంచి తొంభై ఆరు టైరు ఒకటి తీసి దాని పక్కన వేసింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇది డాక్టరుగారు అడిగి తెప్పించుకున్నది. ఇది కారుకి వేసినదాని లాంటిది. వంద అంటే ఎనిమిది వందల కిలోలు. తొంభై ఆరు అంటే ఏడు వందల పది. ఈ నాలుగు అంకెల తేడాకే టైరు పేలిపోదు మిసెస్ క్వెక్. నిలబడ్డ కారుని ఇదీ మోస్తుంది. కానీ మెత్తటి పక్కగోడ గాలి తగ్గిందంటే ఎక్కువ వంగుతుంది. వంగేకొద్దీ వేడెక్కుతుంది. దాని మీద హైవే వేగం పడితే, వెనక ఇంజిన్ బరువు ఉండనే ఉంది. గట్టిది ఇంకాసేపు ఓర్చుకునేది. ఇది ఓర్చుకోలేదు."

లిలియన్ వంగింది. అంకెల కోసం చూడలేదు. పేరు చదవలేదు. చెయ్యి దానంతటదే ముందుకి వచ్చి బొటనవేలు రెండో టైరు పక్కగోడ మీద ఆనింది. నొక్కింది. తరవాత మొదటిదాన్ని నొక్కింది. మళ్లీ రెండోదాని దగ్గరికి వచ్చి, అక్కడే ఆగిపోయింది.



"ఇక్కడికి రకరకాల వాళ్లొస్తారు" అంది హుయ్ యెన్ మెల్లగా. "గాడులు ఎంత లోతున్నాయో చూస్తారు. ఏ సంవత్సరం సరుకో అడుగుతారు. కొందరు కాలితో తంతారు. బొటనవేలితో పక్కగోడ నొక్కేవాళ్లని నేనెప్పుడూ చూడలేదు."

లిలియన్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అలాగే టైరు మీద పెట్టుకుని నేల మీద చతికిలబడింది.

"కారుని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు" అంది. "తాళం వంటింటి సొరుగులో పెట్టి వెళ్లాడు. సంతోషపెడదామనుకున్నాను. హాంకాంగ్ నుంచి వచ్చి ఎక్కగానే, 'ఏంటి, ఇవాళ ఇంత హాయిగా ఉంది?' అంటాడు, అప్పుడు చెబుదామనుకున్నాను. వచ్చాడు. విమానం ఆలస్యమై చిరాగ్గా ఉన్నాడు. చెబితే తిడతాడు. పొద్దున చెబుదాంలే అనుకుని పడుకున్నాను. లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. స్నేహితుల కార్లతో కలిసి పొద్దున్నే బయల్దేరిపోయాడు. టాంకులో పెట్రోలు తక్కువుంటే సింగపూర్ కార్లని సరిహద్దు దాటనివ్వరుగా, నిండుగా కొట్టించాడో లేదో అని మెసేజి పెట్టాను." ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "పెట్రోలు గురించి పెట్టాను. టైర్ల గురించి పెట్టలేదు. ఫోన్లోనే తిడతాడని భయం. అంత చిన్న భయం మిస్ చువా. అంత చిన్నది."

హుయ్ యెన్‌కి ఆమె భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు. తమ్ముడు కళ్ల ముందున్నాడు.

"ఇదే మాట ఇన్‌స్పెక్టర్‌తో చెప్పండి. మిమ్మల్ని ఎవరూ జైల్లో పెట్టరు. అడగడం నేరం కాదు. వేయడం మా తప్పు, అది మేం పడతాం. కానీ ఖిమ్ ఆ రోజు షాపులో లేడు. చేయని పనికి పోతున్నాడు."

"చెబితే?" లిలియన్ తలెత్తింది. "మా అత్తగారు నాతోనే ఉంటుంది. రోజూ పొద్దున కొడుకు ఫొటో ముందు అగరుబత్తి వెలిగించి, 'నీ ఉసురు పోసుకున్నవాళ్లు నాశనమైపోతారు' అంటుంది. రోజూ. నేను పక్కనే నిలబడి సరే అంటాను. నా కూతురు మీ షాపు పేరు కాయితం మీద రాసి చింపి పారేస్తోంది. ఆ పేరు చోట నా పేరు రాసుకోమంటారా?"

"మా మరదలి కడుపులో ఉన్న పిల్లకి తండ్రి పేరు చోట ఏం రాసుకోమంటారు?"

ఆ మాట తగిలింది. లిలియన్ కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. సరే అనబోతోందా?

బయట జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టర్ నోర్హిషామ్ టోపీ మీది నీళ్లు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. నేల మీద కూర్చున్న మనిషిని చూసి ఆగాడు. చెయ్యి గుండె మీద ఆనించి తల వంచాడు.

"మిసెస్ క్వెక్, మీరిక్కడ ఉంటారనుకోలేదు. ఈ సమయంలో మీరిలా రావడం..." హుయ్ యెన్ వైపు తిరిగాడు. "కాక్, ఏదో రుజువన్నారు?"

హుయ్ యెన్ చేతిలో ఫోను ఉంది. ఆ ఫొటో చూపిస్తే తమ్ముడు బయటికొస్తాడు. తండ్రి లోపలికి పోతాడు. ఆమె లిలియన్ వైపు చూసింది. చెప్పు. నీ అంతట నువ్వే చెప్పు. నా చేత ఆ ఫొటో చూపించనివ్వకు.

ఇన్‌స్పెక్టర్ ఆ చూపుని పట్టుకున్నాడు. పాతకాలపు పోలీసు. నేల మీది టైర్లనీ, టైరు మీద ఉన్న లిలియన్ చేతినీ చూశాడు.

"మిసెస్ క్వెక్. ఒక చిన్న మాట. మీరు ఈ షాపుకి ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చారా?"

లిలియన్ లేచి నిలబడింది. తడి బట్టలు సర్దుకుంది. ఆమె ముఖం తుడిచేసిన పలకలా అయిపోయింది.

"లేదు. ఇదే మొదటిసారి."

"అబద్ధం!" హుయ్ యెన్ అరుపు రేకులకి కొట్టుకుంది. "తువాన్, ఇప్పుడే, ఇక్కడే, నాతో..."

"నా భర్త పోయాడు" అంది లిలియన్ ఇన్‌స్పెక్టర్‌తో. "వీళ్ల తమ్ముణ్ణి కాపాడుకోడానికి ఈవిడ నా మీదికి తోస్తోంది. నాకు కార్ల సంగతి తెలీదు. నేనెప్పుడూ ఇటు రాలేదు. ఎవరినైనా అడగండి. నన్నిక్కడ చూసినవాళ్లు ఒక్కరుంటే చూపించమనండి."

వెనక గది తలుపు తెరుచుకుంది.

చువా సెంగ్ హువాట్ గుమ్మంలో నిలబడ్డాడు. పండగ రోజున తప్ప వేయని తెల్ల చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. లోపలి నుంచి అంతా విన్నాడని ఆ చొక్కాయే చెబుతోంది. ఆయన్ని చూడగానే లిలియన్ ఒక అడుగు వెనక్కి వేసింది. ముఖంలో మిగిలిన రంగు కూడా పోయింది.

"అదుగో పా" అంది హుయ్ యెన్ ఆయన చెయ్యి పట్టుకుని. "చూడు. ఈవిడేగా? తువాన్‌తో చెప్పు పా. ఈవిడేగా?"

ముసలాయన లిలియన్ వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆమె చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

తరవాత ఆయన కూతురి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని ఇన్‌స్పెక్టర్ ముందుకి నడిచాడు.

"తువాన్, ఆ టైర్లు వేసింది నేను. నా కొడుకు ఆ రోజు షాపులోనే లేడు. ఆసుపత్రి వాళ్లని అడగండి."

"ఎవరు అడిగితే వేశారు అంకుల్? ఎవరు ఎంచారు?"

"నేనే ఎంచాను. కళ్లు సరిగా ఆనవు. అంకె సరిగా చూసుకోలేదు."

"పా!"

"ఈ అమ్మాయిని" ఆయన లిలియన్ వైపు చెయ్యి చూపించాడు, "నేనెప్పుడూ చూడలేదు."

లిలియన్ గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. మాట కాదు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ కదలకుండా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఆయన చూపు చివరికి హుయ్ యెన్ మీద ఆగింది.

"కాక్. మీ తమ్ముడు నేనే వేశానంటాడు. మీ నాన్న నేనే వేశానంటాడు. మీరు ఇప్పుడే ఈమె అబద్ధం చెబుతోందన్నారు." ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "వీళ్లెవరి మాటా నాకొద్దు. రేపు కోర్టులో నేను మీ మాటే రాసిస్తాను. మీ నాన్న ఇప్పుడు చెప్పినదాంట్లో ఎంత నిజం?"

తండ్రి తల తిప్పి ఆమెను చూశాడు. అంతా నిజమేనని చెప్పమని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. అవునంటే తప్పంతా ఆయన ఒక్కడి మీదే పడుతుంది, కాదంటే లిలియన్ కూతురు రేపటి నుంచి తల్లి పేరు రాసి చింపుతుంది.

హుయ్ యెన్ నోరు తెరిచింది.